పరుపు పురాణం: బూరుగుదూది నుండి మెమరీ ఫోమ్ దాకా

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. ఈ సామెత పుట్టించినవాడు పాతికేళ్ళ ప్రాయంలో ఉన్నవాడై ఉంటాడని నా అనుమానం. అరవై దాటినవారి నిద్ర సుఖాన్ని బాగానే ఎరుగుతుంది. అది దొరకని రాత్రి గోడగడియారం కొట్టే ప్రతి గంటనూ లెక్కపెడుతుంది. మా ఇంట్లో కొన్నాళ్ళుగా నడుస్తున్న చర్చ కూడా ఇదే. శ్రీమతికి నడుము నొప్పి. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి "మెమరీ ఫోమ్ పరుపు పంపిస్తాను నాన్నా" అంటాడు. అది కొనదగినదా, కాదా? ధర తెలుసుకోవడం తేలిక. విలువ తెలుసుకోవడం కష్టం. విలువ తెలియాలంటే ఆ వస్తువు పుట్టుపూర్వోత్తరాలు తెలియాలి. పంతులుగిరీ చేసిన ప్రాణం కనుక మాట దగ్గరనుండే మొదలుపెడతాను. మిత్రులు ఓపిక పట్టాలి.

పరచునది కనుక పరుపు. పూర్వం దీనిని బండిరాతో 'పఱుపు' అని వ్రాసేవారు. శయ్యకు వికృతి సెజ్జ. పడుకొనేది పడక. పాన్పు, తల్పము అన్నవి కావ్యాలలో ఎక్కువగా వినిపిస్తాయి. మంచము, పర్యంకము, పల్యంకము, ఖట్వ అన్న నాలుగింటినీ అమరసింహుడు ఒకే వరుసలో కూర్చోబెట్టాడు. ఆ పల్యంకమే హిందీలో పలంగ్ అయినది. ఖట్వ ఖాట్ అయి, ఇంగ్లీషువారి నోట 'కాట్' అయినది. ఇక మ్యాట్రెస్ అన్న మాట ఇంగ్లీషుకు సొంతం కాదు. అరబ్బీలో 'మత్రహ్' అంటే ఏదైనా క్రింద వేసే చోటు. నేల మీద మెత్తలు వేసుకొని పడుకొనే అరబ్బుల అలవాటు మధ్యయుగాలలో ఐరోపాకు చేరింది; అలవాటుతో పాటు మాటా చేరింది. మనం పరచాము, వారు పడవేశారు. రెండు భాషలూ ఒకే పనిని చూసి పేరు పెట్టాయి.

ఈ ఉపకరణం సుఖసాధనమే కాదు, ఒకప్పుడు నీతిసమస్య కూడా. మన కృష్ణా పరిసరాలలో జగ్గయ్యపేట, ఘంటసాల, గుంటుపల్లి వంటి చోట్ల బౌద్ధం వర్ధిల్లిన సంగతి మీకు తెలిసినదే. ఆ మతపు పాళి వినయ పిటకంలో భిక్షువు మంచానికి కోళ్ళు ఎనిమిది సుగతాంగుళాలకు మించరాదని నియమం. మంచానికి దూది కూరి కుట్టించుకొంటే ఆ దూది పీకివేయించి ప్రాయశ్చిత్తం చెప్పుకోవాలి. అయితే పరుపు మొత్తంగా నిషిద్ధం కాదు. ఉన్ని, గుడ్డ, నార, గడ్డి, ఆకులు అనే ఐదింటితో కూరిన పరుపులకు అనుమతి ఉన్నది. తలగడకు మాత్రం చెట్టు దూది, తీగ దూది, గడ్డి దూది వాడవచ్చు. తల మెత్తగా ఉండవచ్చు, ఒళ్ళు మాత్రం మెత్తబడరాదని కాబోలు! రెండువేల ఏళ్ళ నాడే పరుపులో ఏమి కూరాలన్నది సభలో కూర్చొని తేల్చవలసిన విషయమైనదని దీనివల్ల తెలుస్తున్నది. ఇవాళ మా ఇంట్లో జరిగేది దానికి కొనసాగింపే.

కావ్యలోకంలో ఈ కట్టుబాట్లు లేవు. అక్కడ రాజకుమారికి హంసతూలికా తల్పమే కావాలి. తూలమంటే దూది, హంసల మెత్తని ఈకలతో కూరినది హంసతూలికా తల్పం. తరగతిలో ఈ సమాసం వచ్చినపుడల్లా ఎవరో ఒక పిల్లవాడు "ఎన్ని హంసలు కావాలి మాస్టారూ?" అని అడిగేవాడు. న్యాయమైన ప్రశ్న. అల్లసాని పెద్దనగారిదని చెప్పే చాటువులో, కృతి రచించాలంటే కవికి కావలసిన వాటి జాబితా ఉన్నది కదా. అందులో ఊయల మంచం ఉన్నది. పరుపు ప్రసక్తి లేదు. మహాకవికి ఊగే మంచం చాలు!

పక్క చరిత్రలో మన కృష్ణాజిల్లాకు చిన్నది కాని చోటు ఒకటున్నది. 17, 18 శతాబ్దాలలో ఐరోపా ధనికుల మంచాల మీద 'పలంపూర్' అనే దుప్పట్లు పరచి ఉండేవి. పలంగ్‌పోష్, అంటే మంచం మీది కప్పు, అన్న మాటే వారి నోట అలా మారింది. మధ్యలో ఒక పెద్ద చెట్టు, దాని కొమ్మలనిండా పూలు, పిట్టలు. అదంతా కోరమాండల్ తీరపు కలంకారీ పని. ఆ సరకు ఓడలెక్కిన రేవులలో ముఖ్యమైనది మన మచిలీపట్నం. డచ్చివారు 17వ శతాబ్దపు తొలి ఏళ్ళలో, ఇంగ్లీషువారు 1611లో అక్కడ స్థావరాలు పెట్టుకొన్నారు. ఈ అద్దకపు గుడ్డల ధాటికి తమ నేతగాళ్ళు తట్టుకోలేక ఫ్రాన్సు 1686లో వీటి దిగుమతిని నిషేధించింది. ఇంగ్లండు కూడా 18వ శతాబ్దారంభంలో అదే పని చేసింది. ఒకనాడు మన దుప్పటి వారి పరుపు మీదికి వెళ్ళింది. నేడు వారి పరుపు మన దుప్పటి క్రిందికి వస్తున్నది. వ్యాపారంలో ఈ రాకపోకలు క్రొత్తవి కావు. కాబట్టి మెమరీ ఫోమ్ విదేశీయం అన్న ఒక్క కారణంతో త్రోసిపుచ్చడం నాకు సమ్మతం కాదు.

ఇక మన ఇళ్ళ సంగతి. తుంగచాప, ఈతచాప అందరికీ ఉండేవి. వాటి మీద పాత చీరలు కలిపి కుట్టిన బొంత. ఆ పైన నులక మంచం. నులిచినది కనుక నులక. గోగునారో, జనుపనారో పేని మంచానికి అల్లేవారు. వదులైనపుడు కాళ్ళవైపు తాడు బిగించాలి. బిగించే నాథుడు లేకపోతే అది కుక్కిమంచమై నడుమును విల్లులా వంచుతుంది. కలిగినవారికి నవారు మంచం, జమీందారులకు పందిరి పట్టెమంచం. మా జి. కొండూరు చుట్టుప్రక్కల మామిడితోటలలో కాపు దిగినన్నాళ్ళూ కాపలాదారు పక్క నులక మంచమే. వైశాఖమాసపు రాత్రి దాని క్రిందనుండి వచ్చే గాలికి సాటి వచ్చే యంత్రం ఇంకా పుట్టలేదు.

ఆ మంచం మీదికి వచ్చేది బూరుగుదూది పరుపు. బూరుగునే సంస్కృతంలో శాల్మలి అంటారు. వేసవి వస్తూండగా కాయ పగిలి దూది గాలికెగురుతుంది. పండు తిందామని కాచుకొన్న చిలుక నోట దూదే మిగిలిందన్న కథ మన సుభాషితాలలో ఉన్నదే. చిలుకకు నిరాశ అయినది మనిషికి పరుపయినది. బూరుగు పోగు లోపల బోలుగా ఉంటుంది. అందులో గాలి నిండి ఉంటుంది కనుక తేలిక. పైన మైనంవంటి పూత ఉండటంచేత నీటిని అంత త్వరగా పీల్చుకోదు. తెల్లబూరుగు దూదిని పడవలవారి ప్రాణరక్షణ కవచాలలో కూరింది ఇందుకే. పోగు నున్నన, పొట్టి. మామూలుగా వడికితే నూలు కాదు. బట్టకు పనికిరాదు కాబట్టి పక్కకు దక్కింది.

ఈ దూదిని పరుపుగా చేసినవారు దూదేకులవారు. నూర్‌బాషాలని, పింజారీలని, లద్దాఫులని కూడా పిలుస్తారు. మతం ఇస్లాం, మాట తెలుగు, పని దూది. బ్రిటిషు కాలపు రికార్డులు వీరి వృత్తిని దూది ఏకడం, నవారు నేయడం అని చెప్పాయి. అంటే మంచానికి నవారు, దాని పైన పరుపు, రెండూ వారి చేతి చలవే. పోతులూరి వీరబ్రహ్మంగారి శిష్యులలో అగ్రగణ్యుడైన సిద్ధయ్య ఈ కులంవాడే. ఎండాకాలంలో భుజాన పెద్ద విల్లు వేసుకొని వచ్చేవారు. అరుగు మీద పాత పరుపు విప్పి, ఉండలు కట్టిన దూదిని కుప్పపోసి, వింటినారిని దూదిలో ఆనించి చెక్కసుత్తితో మీటేవారు. ఆ నాదం వీథంతా వినపడేది. దెబ్బదెబ్బకూ దూది విడి, పొంగి, మేఘంలా లేచేది. చారల గుడ్డ సంచిలో దాన్ని సమంగా నింపి, దబ్బనంతో అక్కడక్కడ కుట్లు వేసేవారు. సాయంత్రానికి పాత పరుపు పురిటిబిడ్డలా క్రొత్తదయ్యేది. గుడ్డ మారినా దూది అదే. అమ్మాయికి సారెలో ఇచ్చిన పరుపు ఆమె మనుమలు దొర్లేదాకా నడిచేది.

ఆ వింటినారి మీద మొదటి దెబ్బ ఎక్కడో పడింది. 1929లో ఇంగ్లండులో డన్‌లప్ సంస్థవారు రబ్బరుపాలను చిలికి నురగచేసి, ఆ నురగను గట్టిపరచే పద్ధతి కనిపెట్టారు. ఆ పేరు మన ఇళ్ళలో ఎంత స్థిరపడిందంటే, ఏ సంస్థ ఏ పదార్థంతో చేసినా మెత్తనిదైతే చాలు 'డన్‌లప్ పరుపే'. 1937లో జర్మనీలో ఓటో బేయర్ పాలీయురేథేన్ రసాయన మార్గాన్ని తెరిచాడు. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక 1950లలో దానితో మెత్తని నురగ చౌకగా తయారు కాసాగింది. మన దేశంలో 1962లో బెంగుళూరులో మొదలైన కర్లాన్ వంటి సంస్థలు కొబ్బరిపీచుకు రబ్బరు పట్టించి పరుపులు చేశాయి. క్రమంగా విల్లు అరుగు దిగింది. అయితే దూదేకుల పిల్లలు చదువుకొని వేరే ఉద్యోగాలలోకి వెళ్ళారంటే అందులో విచారించవలసినది లేదు. దూది ధూళి పీల్చి దగ్గుతూ బ్రతకమని మన పరుపు కోసం ఎవరినీ అడగలేము. పోయినందుకు బాధపడవలసినది, పాతదాన్ని విప్పి క్రొత్తది చేసుకొనే ఆ పద్ధతి.

మెమరీ ఫోమ్ వీటన్నిటి తరువాతిది. 1966లో ఛార్లెస్ యోస్ట్ అనే ఇంజనీరు అమెరికా అంతరిక్ష సంస్థ నాసావారి ఏమ్స్ పరిశోధన కేంద్రం కోసం దీనిని రూపొందించాడు. చంద్రుని మీదికి వెళ్ళినవారి పరుపు ఇది అని అంగళ్ళలో చెబుతారు. నిజానికి విమానపు సీటులో కూర్చొన్నవానికి కుదుపు తగలకుండా, ఒత్తిడి ఒకచోటే పడకుండా చేయడం ఆ పని ఉద్దేశం. నెమ్మదిగా పైకి లేచే నురగ కనుక మొదట ఆ అర్థం వచ్చే పేరుతోనే వ్యవహరించారు. తరువాత ఆటగాళ్ళ శిరస్త్రాణాలలోకి, వైద్యశాలలలోకి వచ్చింది. 1991లో స్వీడనుకు చెందిన ఫాగర్‌డాలా సంస్థ దీనిని పరుపుగా అంగడికి తెచ్చింది. మన దేశంలో 2016లో మొదలైన వేక్‌ఫిట్ వంటి సంస్థలు పరుపును చుట్టగా చుట్టి, పెట్టెలో పెట్టి ఇంటికే పంపడం అలవాటు చేశాయి. నూరు రాత్రులు పడుకొని చూసి నచ్చకపోతే వెనక్కు పంపవచ్చునన్న షరతు కూడా ఈ వ్యాపారంలో వాడుకయినది.

దీని గుణం చెప్పడానికి నాకు భౌతికశాస్త్రం కంటె తర్కశాస్త్రం అనువుగా తోస్తున్నది. 17వ శతాబ్దంలో ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో సంస్కారమనే గుణం మూడు విధాలన్నాడు: వేగం, భావన, స్థితిస్థాపకం. భావన అంటే అనుభవం వల్ల ఆత్మలో పడిన ముద్ర. దానివల్లనే స్మృతి కలుగుతుంది. స్థితిస్థాపకం అంటే వంచిన వస్తువును మళ్ళీ పూర్వస్థితికి తెచ్చేది. మన బడిపుస్తకాలలో 'స్థితిస్థాపకత' అన్న మాటకు మూలం ఇదే. దానికి ఆయన చూపిన ఉదాహరణ ఏమిటో తెలుసునా? కటము, అంటే చాప! జ్ఞాపకాన్నీ, వంగి లేచే గుణాన్నీ ఒకే గుణపు రెండు శాఖలుగా చెప్పి, రెండవదానికి పడక వస్తువునే సాక్ష్యం పెట్టాడు. మెమరీ ఫోమ్ అని పేరు పెట్టిన వ్యాపారికి ఈ సంగతి తెలిసి ఉండదు.

అయితే ఆ పేరులో ఒక మెలిక ఉన్నది. రబ్బరు వంటి వస్తువు వదలగానే లేస్తుంది. తేనె వంటిది ప్రవహిస్తుంది గాని లేవదు. ఈ నురగ రెంటికీ నడుమ నిలుస్తుంది: నొక్కితే నెమ్మదిగా దిగి, వదిలితే నెమ్మదిగా లేస్తుంది. చేయి తీసిన కొద్ది క్షణాల వరకు ముద్ర ఉంటుంది, తరువాత మాయమవుతుంది. అంటే ఇది గుర్తుంచుకొనేది కాదు, నిదానంగా మరచిపోయేది. తాను పుట్టిన ఆకారమే దానికి గుర్తు, పడుకొన్న మనిషి కాదు. పడుకొన్నవారిని నిజంగా గుర్తుంచుకొనేది బూరుగు పరుపు. ఏళ్ళ తరబడి ఎవరు ఏ ప్రక్కకు ఒత్తిగిలి పడుకొన్నారో దాని గుంటలు చెబుతాయి. నడుముకు కావలసినది మాత్రం ఆ జ్ఞాపకం కాదని ఒప్పుకోక తప్పదు. గుంటలు పడిన పరుపు ఎంత ప్రియమైనదైనా వెన్నుకు శత్రువే.

ఇప్పుడు నిర్ణయానికి వద్దాం.

మొదటిది వేడి. ఈ నురగ ఒంటి వెచ్చదనానికి మెత్తబడుతుంది; అదే దాని కిటుకు. ఒంటిని చుట్టుకొని గాలి ఆడనివ్వదు కనుక వేడిని పట్టి ఉంచుతుంది కూడా. చల్లగా ఉంటే బిగుసుకొంటుంది. శీతల యంత్రం పెట్టిన అంగడిలో అది ఒకలా ఉంటుంది; మే నెలలో కరెంటు పోయిన మా గదిలో మరొకలా ఉంటుంది. నూజివీడు సీమలో మామిడికాయను మాగవేసేవారు వరిగడ్డి పరచి, దాని మీద కాయలు పేర్చి, మళ్ళీ గడ్డి కప్పుతారు. గడ్డి మెత్తగా ఉండి దెబ్బ తగలనీయదు. సందులలో గాలి ఆడుతుంది. మెత్తదనం, గాలి, రెండూ ఉంటేనే అది మంచి పక్క. రసం పండుకు తెలిసిన ఈ సూత్రం మనకూ వర్తిస్తుంది.

రెండవది ఎండ. పరుపును ఎండలో వేసి, కర్రతో దులిపి, నల్లులను తోలడం మనకు తరతరాల ఆచారం. పాలీయురేథేన్ నురగ ఎండకు పసుపెక్కి, పొడిపొడి అవుతుంది. తడిస్తే ఆరదు. బరువు చేత ఇద్దరు పట్టనిదే కదలదు. అరవై దాటిన దంపతులకు ఇది చిన్న విషయం కాదు.

మూడవది నడుము. నొప్పి ఉన్నవారు చెక్కబల్ల మీద పడుకోవాలని వినేవాళ్ళం. 2003లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో కోవాక్స్ బృందం ప్రచురించిన స్పెయిన్ దేశపు అధ్యయనం ఆ మాటను ప్రశ్నించింది. ప్రత్యేక కారణం తేలని దీర్ఘకాలపు నడుము నొప్పి ఉన్న 313 మందికి కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యరకం గట్టిదనం గల పరుపు ఇచ్చి 90 రోజులకు చూశారు. మధ్యరకం వారికే ఉపశమనం ఎక్కువ. చూడండి, ఆ ఫలితంలో లెక్కకు వచ్చినది గట్టిదనం, పేరు కాదు. మధ్యరకం గట్టిదనం కొబ్బరిపీచుతోనూ వస్తుంది, రబ్బరుతోనూ వస్తుంది.

నాలుగవది పొర. మెమరీ ఫోమ్ అని అమ్మే పరుపులో అది సాధారణంగా పై రెండంగుళాలో, అంతకు కొంచెం అటూఇటూనో ఉంటుంది. క్రిందిదంతా మామూలు నురగ. ఎన్ని అంగుళాలు, ఎంత సాంద్రత అని అడగకుండా ధర అడగడం, బరువు చూడకుండా బంగారం కొనడం వంటిది.

మరి ఇది ఎవరికి కొనదగినది? ఒత్తిగిలి పడుకొన్నపుడు భుజం, తుంటి ఒరుసుకొని బాధపడే బక్కపలుచని వారికి, చల్లని గదిలో పడుకొనే వారికి ఇది మేలే. మంచం పట్టినవారికి ఒత్తిడిని పంచే మంచి నురగ పుండ్ల ముప్పును తగ్గిస్తుంది. కాని పక్క మార్చే మనిషికి అది బదులు కాదు. అటువంటి వారికి వైద్యుని అడిగి ఏ పరుపు తగునో అది కొనడం మంచిది. అక్కడ డబ్బు చూసుకోరాదు.

మా శ్రీమతి అబ్బాయి ఇంట్లో రెండు వారాలు దాని మీద పడుకొన్నది. నేను చదివినవన్నీ చెప్పి, ఆమె అభిప్రాయం అడిగాను. "పడుకోవడం హాయిగానే ఉందండీ. లేవడమే కష్టం. పక్కకు తిరగాలన్నా బురదలోంచి కాలు తీసుకొన్నట్టు ఉంటుంది" అన్నది. లాన్సెట్ వారు వ్రాయని సంగతి ఇది. రాత్రి రెండుమార్లు లేవవలసిన వయసులో లేవడం కూడా నిద్రలో భాగమే.

అందుచేత అబ్బాయికి వద్దని చెప్పాము. మధ్యరకం గట్టిదనం గల కొబ్బరిపీచు పరుపు ఒకటి విజయవాడలో పడుకొని చూసి తెచ్చుకొన్నాము. మా అత్తగారు సారెలో ఇచ్చిన బూరుగు పరుపును మైలవరం పంపి విప్పించాము. ఇప్పుడు ఏకుతున్నది యంత్రం, నడిపేది ఒక కుర్రవాడు. దూది జల్లించగా కొంత పొడి పోయి, మిగిలినది పలుచని పరుపుకు సరిపోయింది. గుంటలు పోయాయి. దానిని పీచుపరుపు మీద పరిచాము. ఆదివారం ఆదివారం నేనొక్కడినే ఎత్తి దండెం మీద వేయగల బరువు. నెల దాటింది; ఆమెకు నొప్పి పూర్తిగా పోలేదు గాని, తెల్లవారుజామున లేచి కూర్చోవడం తగ్గింది. నా మటుకు నాకు గడియారం గంటలు అన్నీ వినపడటం లేదు.

మీ ఇళ్ళలో బూరుగు పరుపు అటకమీద ఉంటే, పారవేసే ముందు ఒకసారి విప్పించి చూడండి.